జర్మన్ రై బ్రెడ్ ఇంట్లో చేయడం ఎలా: తోడు పెట్టడం నుంచి ముక్క కోసేదాకా

"బ్రెడ్ పైన చక్కగా కాలింది, కోస్తే మాత్రం లోపల కత్తికి బంకలా అంటుకుంటోంది. ఎక్కడ తప్పు జరిగింది?" నాకు వచ్చే మెసేజ్‌లలో ఎక్కువ భాగం ఈ ప్రశ్నే. కొందరు జర్మనీకి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు. కొందరు కిటా (ఇక్కడి చిన్నపిల్లల బడి) నుంచి వచ్చిన పాప "నాకూ వాళ్లలాగే బ్రెడ్ కావాలి" అంటోందని చేయడం మొదలుపెట్టిన అమ్మలు. ఐదారేళ్లు జర్మనీలో ఉండి హైదరాబాద్ తిరిగి వెళ్లిపోయి, ఆ పుల్లటి బరువైన బ్రెడ్ మీద బెంగ పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా రాసే బదులు, నేను ప్రతి శనివారం స్టుట్‌గార్ట్‌లో మా వంటింట్లో చేసే పద్ధతి మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

ముందే ఒక మాట. ఇది చపాతీ పిండి కాదు. మనకి చేతికి అంటుకునే పిండి కనపడగానే ఇంకాస్త పొడి పిండి చల్లాలనిపిస్తుంది. నేను మొదటి మూడు బ్రెడ్‌లూ అలాగే పాడుచేశాను, మూడూ ఇటుకల్లా వచ్చాయి. రై (గోధుమలాంటి ఒక ధాన్యం) పిండి అంటుకుంటుంది, అంటుకోవాలి కూడా. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఏ బ్రెడ్ చేస్తున్నాం

జర్మన్ బ్రెడ్ సంస్థ నమోదు చేసిన రకాలే మూడు వేలకు పైగా ఉన్నాయి. 2014లో జర్మనీ తన దేశ సాంస్కృతిక వారసత్వ జాబితాలో బ్రెడ్ సంస్కృతిని చేర్చుకుంది. అన్నిటి జోలికీ పోనక్కర్లేదు. బేకరీలో పేరు చదవడం వస్తే చాలు, ఎందుకంటే పేరును బట్టి లోపల ఏముందో ఒక నియమం ఉంటుంది. రోగెన్‌బ్రోట్ అంటే పిండిలో కనీసం 90 శాతం రై. రోగెన్‌మిష్‌బ్రోట్ అంటే సగానికి పైగా రై, మిగతాది గోధుమ. వైట్సెన్‌మిష్‌బ్రోట్ అంటే సగానికి పైగా గోధుమ. ఫోల్‌కోర్న్‌బ్రోట్ అంటే కనీసం 90 శాతం పొట్టుతో సహా మర ఆడించిన ముడి ధాన్యం.

మనం చేసేది రోగెన్‌మిష్‌బ్రోట్: 60 శాతం రై, 40 శాతం గోధుమ. ఇంట్లో రోజూ తినేందుకు, మొదటిసారి చేసేందుకు ఇంతకన్నా మంచిది లేదు. పుంపర్‌నికెల్‌తో మాత్రం మొదలుపెట్టకండి. వెస్ట్‌ఫాలియాకు చెందిన ఆ నల్లటి బ్రెడ్‌ని కనీసం 16 గంటలు ఓవెన్‌లో ఉంచాలి.

కావలసినవి

దాదాపు 750 గ్రాముల బ్రెడ్ ఒకటి రావడానికి ఇవి కావాలి:

- రై పిండి 300 గ్రాములు. ప్యాకెట్ మీద రోగెన్‌మేల్, టైప్ 1150 లేదా 997 అని ఉంటుంది. వంద గ్రాముల పొడి పిండిని పూర్తిగా కాలిస్తే ఎన్ని మిల్లీగ్రాముల ఖనిజాలు మిగులుతాయో చెప్పేదే ఆ అంకె. అంకె పెరిగితే పొట్టు పెరిగినట్టు.
- గోధుమ పిండి 200 గ్రాములు. వైట్సెన్‌మేల్ టైప్ 550 లేదా 1050. కేకులకు వాడే 405 వద్దు.
- నీళ్లు 350 గ్రాములు. గ్లాసుతో కాదు, తూకంతో.
- ఉప్పు 10 గ్రాములు.
- తోడు పిండి 20 గ్రాములు. ఇది ఎలా చేయాలో కింద చెప్తాను.
- తాజా ఈస్ట్ 5 గ్రాములు. జర్మనీలో 42 గ్రాముల ఘనంగా అమ్ముతారు, అందులో ఎనిమిదో వంతు. పొడి ఈస్ట్ అయితే 2 గ్రాములు. మీ తోడు పిండి బలంగా తయారయ్యాక ఈస్ట్ మానేయొచ్చు.

సామాను: డిజిటల్ తూకం, మూత వదులుగా పెట్టగలిగే గాజు సీసా, పెద్ద గిన్నె, గట్టి గరిటె, రెండు ట్రేలు పట్టే ఓవెన్. వెదురు లేదా పేము బుట్ట ఉంటే మంచిది, లేకపోతే గుండ్రటి గిన్నెలో పలచటి నూలు గుడ్డ పరిచి పిండి బాగా అద్దండి. డబ్బు ఖర్చు పెట్టదలిస్తే బుట్ట మీద కాదు, గుచ్చి చూసే థర్మామీటర్ మీద పెట్టండి. బ్రెడ్ లోపల కాలిందా లేదా అన్న టెన్షన్ పూర్తిగా పోతుంది.

దినుసులు వేయాలనుకుంటే షాజీరా, సోంపు, ధనియాలు కలిపి ఒక టీస్పూన్, దోరగా వేయించి కచ్చాపచ్చాగా దంచండి. దక్షిణ జర్మనీలో బ్రెడ్‌లో ఇవి మామూలే. ఒక జాగ్రత్త: ఇక్కడ షాపులో క్యుమ్మెల్ అని ఉన్నది జీలకర్ర కాదు. జీలకర్రని క్రాయిట్స్‌క్యుమ్మెల్ అంటారు. కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది క్యుమ్మెల్ ప్యాకెట్ కొని పప్పు పోపులో వేసి, ఇదేం వాసన అని కంగారుపడతారు. ఆ ప్యాకెట్ పారేయకండి, ఈ బ్రెడ్‌కి కావలసింది అదే.

మొదటి భాగం: తోడు పిండి

పాలు తోడు పెట్టాలంటే పక్కింటి నుంచి చెంచాడు పెరుగు తెచ్చుకున్నట్టే ఇదీ. జర్మన్‌లో ఆన్‌ష్టెల్‌గూట్ అంటారు. అన్నిటికన్నా తేలిక దారి, సొంతంగా పిండి కలిపే పాత పద్ధతి బేకరీకి వెళ్లి అడగడం: "హాబెన్ జీ ఎట్వాస్ రోగెన్-ఆన్‌ష్టెల్‌గూట్ ఫ్యూర్ మిష్?" (నా కోసం కాస్త రై తోడు పిండి ఉందా అని.) రద్దీ లేని వేళ, చిన్న సీసా చేత్తో పట్టుకుని వెళ్లండి. మా వీధి బేకరీలో నాకు నవ్వుతూ ఇచ్చారు, డబ్బులు కూడా తీసుకోలేదు. సూపర్‌మార్కెట్‌లో ప్యాకెట్లలో దొరికే పుల్ల పిండి రుచికి పనికొస్తుంది కానీ, పొంగడానికి దాన్ని నమ్ముకోవద్దు. అది వాడితే ఈస్ట్ తప్పనిసరి.

ఎవరూ ఇవ్వకపోతే ఇంట్లోనే చేయండి. వారం పడుతుంది.

1. మొదటి రోజు: 50 గ్రాముల పొట్టుతో ఉన్న రై పిండి, 50 గ్రాముల గోరువెచ్చటి నీళ్లు శుభ్రమైన సీసాలో కలపండి. మూత బిగించకుండా 26 నుంచి 28 డిగ్రీల వేడి ఉన్నచోట పెట్టండి.

2. రెండో రోజు: ఇంకో 50 గ్రాముల పిండి, 50 గ్రాముల నీళ్లు కలపండి. బాగా బుడగలు వచ్చి పొంగిపోవచ్చు, వాసన కూడా బాగుండదు. ఇది అసలు పొంగు కాదు. మనకి అక్కర్లేని సూక్ష్మజీవులు ముందు హడావుడి చేస్తాయి, అంతే. ఇది చూసి తయారైపోయిందని బ్రెడ్ చేయకండి.

3. మూడో రోజు నుంచి: రోజూ అందులో 50 గ్రాములు మాత్రం ఉంచి మిగతాది తీసేయండి, 50 పిండి, 50 నీళ్లు కలపండి. మూడో, నాలుగో రోజుల్లో చాలాసార్లు కదలిక లేకుండా పడి ఉంటుంది. ఎక్కువమంది చచ్చిపోయిందని పారేసేది ఇక్కడే. పారేయకండి. పులుపు పెరుగుతోంది, మంచి ఈస్ట్ నెమ్మదిగా లేస్తోంది.

4. ఐదు నుంచి ఏడో రోజు: పిండి వేశాక 6 నుంచి 8 గంటల్లో రెట్టింపు అవుతుంటే, వాసన పుల్ల మజ్జిగలా, కాస్త ఆపిల్ పండులా ఉంటే తయారైనట్టు. సీసాకి రబ్బరు బ్యాండ్ వేసి మొదటి మట్టం గుర్తు పెట్టుకుంటే అనుమానం ఉండదు. నీళ్లలో వేస్తే తేలుతుందా అన్న పరీక్షని రై పిండికి నమ్మకండి.

చలికాలంలో జర్మనీలో మన వంటిళ్లు 19, 20 డిగ్రీలకి మించవు. సీసాని ఓవెన్‌లో పెట్టి లోపలి దీపం మాత్రం వెలిగించండి. ఓవెన్ తలుపు మీద కాగితం అంటించడం మర్చిపోవద్దు. ఇంట్లో ఇంకొకరు పిజ్జా కోసం ఓవెన్ వేడి పెట్టేస్తే వారం కష్టం పోతుంది.

పైన బూడిద రంగు నీళ్లు తేలితే భయం లేదు, ఆకలిగా ఉందని అర్థం. ఒంపేసి కొత్త పిండి వేయండి. గులాబీ, నారింజ రంగు మచ్చలు గానీ, బూజు నూగు గానీ కనపడితే పైపైన తీసి వాడుకోవద్దు. మొత్తం పారేసి, సీసా మరిగే నీళ్లతో కడిగి మళ్లీ మొదలుపెట్టండి.

తయారైన తోడు పిండిని ఫ్రిజ్‌లో పెట్టి వారానికోసారి కొత్త పిండి వేస్తే చాలు.

తోడు ఎందుకు, ఈస్ట్ ఒక్కటే వేస్తే సరిపోదా అని అడుగుతారు. గోధుమకి సరిపోతుంది. రైకి సరిపోదు. రై పిండిలో గంజిని చక్కెరగా విడగొట్టే ఎంజైములు చాలా చురుగ్గా ఉంటాయి. ఓవెన్‌లో వేడెక్కేటప్పుడు అవి గంజిని కరిగించేసి లోపలంతా జిగట చేస్తాయి. పులుపు వాటిని అడ్డుకుంటుంది. మొదట్లో రాసిన ఆ బంక సమస్యకి ఒక కారణం ఇదే, పులుపు చాలకపోవడం.

రెండో భాగం: బ్రెడ్

నేను శుక్రవారం రాత్రి మొదలుపెడతాను. శనివారం మధ్యాహ్నం కాలుస్తాను. ఆదివారం కోస్తాం. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, బేకరీలు చాలాచోట్ల కొన్ని గంటలే తెరుస్తాయి. ఆ రోజుకి ఇంట్లో బ్రెడ్ ఉండాలి. తోడు పిండి వారం దాటి ఫ్రిజ్‌లో ఉంటే, శుక్రవారం పొద్దున్నే ఒకసారి కొత్త పిండి వేసి లేపుకోండి.

1. శుక్రవారం రాత్రి 9 గంటలకి 180 గ్రాముల రై పిండి, 180 గ్రాముల గోరువెచ్చటి నీళ్లు, 20 గ్రాముల తోడు పిండి కలపండి. మూత పెట్టి వంటింట్లో వెచ్చటి మూల 14 నుంచి 16 గంటలు వదిలేయండి. దీన్నే జావర్‌టైగ్ అంటారు.

చూడాల్సింది: పొద్దున్నకి పైభాగం ఉబ్బి, మధ్యలో కాస్త కుంగడం మొదలవ్వాలి. గరిటెతో పక్కకి తీస్తే లోపల స్పంజిలా రంధ్రాలు కనపడాలి. నాలుక మీద పెడితే గట్టి పులుపు తగలాలి. మన దోసె పిండి పులుపు కన్నా చాలా ఎక్కువ ఉంటుంది, కంగారుపడకండి.

2. ముందు ఇందులోంచి 20 గ్రాములు తీసి సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. వచ్చే వారానికి తోడు అదే. ఈ పని మిగతా అన్నిటికన్నా ముందు చేయండి. ఉప్పు కలిపేశాక గుర్తొస్తే అప్పటికి ఆలస్యమైపోతుంది.

3. మిగిలిన 360 గ్రాముల జావర్‌టైగ్‌లో 120 గ్రాముల రై పిండి, 200 గ్రాముల గోధుమ పిండి, 170 గ్రాముల నీళ్లు, ఉప్పు, ఈస్ట్, దంచిన దినుసులు వేయండి. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, 40 డిగ్రీలు దాటకూడదు. కలిపాక ముద్ద 27, 28 డిగ్రీలు ఉండేలా చూడండి.

4. గరిటెతో గానీ, మిక్సర్ నెమ్మది వేగంలో గానీ 6 నుంచి 8 నిమిషాలు కలపండి, అంతకుమించి వద్దు. మైదాలా సాగే ముద్ద కోసం ఎదురుచూడకండి, రాదు. వడ పిండికీ చపాతీ పిండికీ మధ్య ఉంటుంది, తడి మట్టిలా గిన్నెకి అంటుకుంటుంది. ఇప్పుడే మన చేయి పిండి డబ్బా వైపు వెళ్తుంది. ఆపండి. చేతులకి నీళ్లు తడుపుకుంటే చాలు.

5. గిన్నె మీద తడి గుడ్డ కప్పి 30 నిమిషాలు వదిలేయండి. ఈలోపు రై పిండి నీళ్లు పీల్చుకుని ముద్ద కొంచెం గట్టిపడుతుంది.

6. బల్ల మీద రై పిండి చల్లి ముద్దని దాని మీదికి జార్చండి. అంచులు నాలుగైదుసార్లు మధ్యలోకి మడిచి గుండ్రంగా చేయండి. గట్టిగా నలపవద్దు. బుట్టకి రై పిండి ధారాళంగా అద్ది, మడతలు కిందికి వచ్చేలా ముద్దని పెట్టండి. తర్వాత బుట్ట బోర్లించినప్పుడు ఆ మడతలు పైకొస్తాయి, ఓవెన్‌లో అక్కడే సహజంగా పగులుతుంది. బ్లేడుతో గాట్లు పెట్టే పని లేదు.

7. వెంటనే ఓవెన్‌ని 250 డిగ్రీలకి పెట్టండి. గుర్తు చూసుకోండి: పైన ఒక గీత, కింద ఒక గీత ఉన్నదే కావాలి, ఓబర్-ఉంటర్‌హిట్సె అంటారు. ఫ్యాన్ బొమ్మ ఉన్న ఉమ్‌లుఫ్ట్ పెడితే పైభాగం తొందరగా ఎండిపోయి బ్రెడ్ పొంగదు. బ్రెడ్ కాలే ట్రేని కూడా లోపలే పెట్టి కనీసం 45 నిమిషాలు వేడెక్కనివ్వండి. అడుగున ఒక పాత ఇనుప ట్రే ఉంచండి, అది ఆవిరి కోసం.

8. బుట్టలో ముద్ద పొంగడానికి ఈస్ట్ వేస్తే 50 నుంచి 75 నిమిషాలు, వేయకపోతే రెండు నుంచి రెండున్నర గంటలు. ఈస్ట్ వేయనివాళ్లు ఓవెన్ గంటంబావు తర్వాత పెట్టుకోండి. గడియారం కన్నా ముద్దనే చూడండి. ఒకటిన్నర రెట్లు దాటి, పైన చల్లిన పిండిలో సన్నటి బీటలు కనపడితే సమయం వచ్చినట్టు. వేలితో మెల్లగా నొక్కితే గుంట నెమ్మదిగా, సగం వరకే తిరిగి రావాలి. టక్కున వెనక్కి వస్తే ఇంకా ఆగాలి. గుంట అలాగే ఉండిపోతే కాస్త ఆలస్యమైంది, వెంటనే ఓవెన్‌లో పెట్టేయండి.

9. బుట్టని బేకింగ్ కాగితం మీద బోర్లించి, ముద్దని కాగితంతో సహా వేడి ట్రే మీదికి జరపండి. అడుగు ట్రేలో అర కప్పు వేడి నీళ్లు పోసి వెంటనే తలుపు మూయండి. పోసేటప్పుడు తెరిచిన తలుపు గాజు మీద పొడి తువ్వాలు పరిచి ఉంచండి. వేడి గాజు మీద నీళ్లు పడితే పగలొచ్చు. ముఖం, చేతులు దూరంగా పెట్టుకోండి, ఆవిరి క్షణంలో పైకి కొడుతుంది. ఆ నీళ్ల కోసం గాజు పాత్ర ఎప్పుడూ వాడకండి. తలుపు మూసేముందు తువ్వాలు తీసేయండి.

10. పది పన్నెండు నిమిషాల తర్వాత తలుపు తెరిచి ఆవిరి పోనివ్వండి. వేడి 200కి తగ్గించి ఇంకో 38 నుంచి 40 నిమిషాలు కాల్చండి. మొత్తం 50 నిమిషాలు.

ఆవిరితో భయమైతే బరువైన ఇనుప కుండ వాడండి. కుండని మూతతో సహా ఓవెన్‌లో వేడిచేసి, ముద్దని అందులో దింపి, 250 డిగ్రీల దగ్గర మూత పెట్టి 25 నిమిషాలు, మూత తీసి 210 దగ్గర 25 నిమిషాలు. మూతకి ప్లాస్టిక్ పిడి ఉంటే ముందే విప్పేయండి.

11. జాలీ మీద పెట్టి చల్లారనివ్వండి. కనీసం 12 గంటలు కోయకండి. ఇల్లంతా ఆ వాసన ఉన్నప్పుడు ఇది చాలా కష్టమని తెలుసు. కానీ లోపల తేమ సర్దుకునే పని ఇంకా నడుస్తూనే ఉంటుంది. రెండో రోజు రుచి మొదటి రోజు కన్నా బాగుంటుంది. ఇంట్లో పిల్లలు ఆగలేకపోతే ముద్దలోంచి 80 గ్రాములు విడదీసి చిన్న ఉండ చేసి పక్కన కాల్చండి, అది గంటలో ఇచ్చేయొచ్చు. మా ఇంట్లో ఇదే ఒప్పందం.

కాలిందో లేదో తెలుసుకోవడం

అడుగు నుంచి థర్మామీటర్ గుచ్చితే మధ్యలో 97, 98 డిగ్రీలు చూపాలి. థర్మామీటర్ లేకపోతే బోర్లించి అడుగున వేలి కణుపులతో కొట్టండి. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు మోగాలి. బరువు కూడా చెప్తుంది: 865 గ్రాముల ముద్ద కాలి చల్లారాక 750 గ్రాముల దగ్గరికి రావాలి. 790 ఉందంటే నీళ్లు ఇంకా లోపలే ఉన్నాయి, వచ్చేసారి 8 నిమిషాలు ఎక్కువ ఉంచండి. రంగు విషయంలో మనవాళ్లు భయపడి ముందే తీసేస్తుంటారు. లేత గోధుమ రంగు చాలదు, ముదురు బెల్లం రంగు రావాలి. రుచిలో సగం ఆ పై పొరలోనే ఉంది.

నాకు వచ్చే ఫొటోల్లో కనపడే తప్పులు

లోపల జిగట. నాలుగు కారణాల్లో ఒకటి: వేడిగా ఉండగా కోశారు, తక్కువ కాల్చారు, నీళ్లు ఎక్కువయ్యాయి, జావర్‌టైగ్ పుల్లబడలేదు. మొదట చల్లారాక కోశారా అని చూసుకోండి. అది సరిగ్గా చేస్తే తర్వాత థర్మామీటర్. ఆ రెండూ బాగున్నా అడుగున తడి గీతలా కనపడుతుంటే జావర్‌టైగ్‌ని ఇంకో రెండు గంటలు ఉంచండి, లేదా ఇంకా వెచ్చటి చోట పెట్టండి.

పళ్లెంలా చప్పబడింది. ఎక్కువసేపు పొంగనిచ్చారు. దీన్ని పారేయక్కర్లేదు, రుచి బాగానే ఉంటుంది.

పక్కల నుంచి పెద్దగా చీలి లోపలి పిండి బయటికొచ్చింది. తక్కువ పొంగనిచ్చారు, లేదా ఆవిరి చాలలేదు.

ఇటుకలా ఉంది. పొడి పిండి కలిపారు. నన్ను నమ్మండి, ఫొటో చూడగానే తెలిసిపోతుంది.

వెనిగర్‌లా ఘాటు పులుపు. చల్లటి చోట మరీ ఎక్కువసేపు ఉంచారు. వెచ్చగా, 28 డిగ్రీల దగ్గర పులియబెడితే పెరుగులాంటి మెత్తటి పులుపు వస్తుంది.

ఉప్పు మర్చిపోయారు. ఇది నాకూ జరిగింది. ముక్కకి వెన్న రాసి పైన ఉప్పు చల్లుకుని తినడం తప్ప మార్గం లేదు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేసేవాళ్లకి

ఆన్‌లైన్‌లో దొరికే రై పిండి ఎక్కువగా పొట్టుతో ఉన్నదే. అది నీళ్లు ఎక్కువ తాగుతుంది, ఇంకో 20, 30 గ్రాములు పోయండి. కొనేటప్పుడు పేరు సరిగ్గా చదవండి. హిందీలో రాయీ అంటే ఆవాలు, వెతికితే ఆవ పొడి కూడా వస్తుంది. రాగి పిండితో ఈ బ్రెడ్ రాదు. గోధుమ పిండికి బదులు 100 గ్రాముల మైదా, 100 గ్రాముల మామూలు గోధుమ పిండి కలిపి వాడండి.

ఎండాకాలంలో వంటింట్లో 35 డిగ్రీలు దాటితే రాత్రంతా ఉంచకూడదు. తోడు 10 గ్రాములకి తగ్గించి, చల్లటి నీళ్లతో కలిపి, 8 గంటలకే చూసుకోండి. పక్కన పెట్టాల్సిన 20 గ్రాములు మాత్రం మామూలుగానే తీయండి, ముద్దలో 10 గ్రాములు తగ్గితే నష్టం లేదు. కుళాయి నీళ్లు క్లోరిన్ వాసన కొడితే కాచి చల్లార్చి వాడండి. చిన్న ఓటీజీ అయితే ఆవిరి నిలవదు, లోపల పట్టే మూత ఉన్న ఇనుప గిన్నె వెతుక్కోండి.

నిల్వ, తినడం

ఫ్రిజ్‌లో పెట్టకండి, అక్కడే అన్నిటికన్నా తొందరగా గట్టిపడుతుంది. కోసిన వైపు చెక్క మీద బోర్లించి, పైన నూలు గుడ్డ కప్పండి. మట్టి కుండ ఉంటే ఇంకా మంచిది. ఐదారు రోజులు హాయిగా ఉంటుంది. వర్షాకాలంలో, తేమ ఊళ్లలో అయితే రెండో రోజే ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టి, కావలసినప్పుడు టోస్టర్‌లో వేసుకోండి. బూజు వస్తే ఆ ముక్క ఒక్కటే తీసేస్తే చాలదు, బ్రెడ్ మొత్తం పారేయాలి. బూజు రాకుండా కేవలం ఎండిపోతే పొడి చేసి, 30 గ్రాముల పొడిని 60 గ్రాముల నీళ్లలో నానబెట్టి వచ్చే వారం ముద్దలో కలపండి. బ్రెడ్ ఇంకా మెత్తగా, ఎక్కువ రోజులు తాజాగా ఉంటుంది. ఇక్కడి బేకరీలవాళ్లు కూడా చేసే పనే ఇది.

కూరలో ముంచుకుని తింటే ఈ బ్రెడ్ నచ్చలేదని చాలామంది అంటారు. అది దాని పద్ధతి కాదు. జర్మన్ ఇళ్లలో రాత్రి భోజనం పేరే ఆబెండ్‌బ్రోట్, సాయంత్రపు బ్రెడ్ అని. మధ్యాహ్నం వేడి భోజనం తిని, రాత్రికి పొయ్యి వెలిగించకుండా, ఒక్కొక్కరి ముందు ఒక చిన్న చెక్క పలక పెట్టుకుని, ముక్కకి వెన్న రాసి, చీజ్, దోసకాయ, ముల్లంగి పెట్టుకుని తింటారు. పిల్లలు బడికి తీసుకెళ్లేది పౌజెన్‌బ్రోట్. మేం ఈ ఇంట్లోకి మారినప్పుడు పక్కింటి పెద్దావిడ ఒక బ్రెడ్, చిన్న పొట్లంలో ఉప్పు తెచ్చి చేతిలో పెట్టారు. మనం గృహప్రవేశానికి పాలు పొంగించినట్టు వాళ్లకి అది. బ్రెడ్ చివరి ముక్కని ఇక్కడ స్వాబియాలో క్నాయిస్లె అంటారని, దాని కోసం పిల్లలు పోట్లాడుకుంటారని ఆవిడే చెప్పారు. మా ఇంట్లోనూ ఇప్పుడు అదే గొడవ.

వేలెడు మందం వద్దు, ఒక సెంటీమీటరుకి కాస్త తక్కువగా కోయండి. అంచు దాకా వెన్న రాయండి. దాని మీద చీజ్ చాలు. మనవాళ్లకి నేను చెప్పేది: వెన్న మీద టమాటా నిల్వ పచ్చడి పలచగా. రై పులుపు, పచ్చడి కారం, మధ్యలో వెన్న బాగా కుదురుతాయి.

శాకాహారులు తరచు అడుగుతారు కాబట్టి: పైన చెప్పిన బ్రెడ్‌లో గుడ్డు, పాలు, కొవ్వు ఏవీ లేవు. బేకరీలో కొనే ప్రెట్సెల్ సంగతి వేరు, కొన్నిచోట్ల పంది కొవ్వు వేస్తారు, అడిగి కొనండి. గ్లూటెన్ పడనివాళ్లకి మాత్రం రై కూడా పడదు.

చివరిగా, నెల రోజులు ఇండియా వెళ్తున్నాం, తోడు పిండి ఏం చేయాలి అని ప్రతి డిసెంబర్‌లో అడుగుతారు. బాగా పొంగి ఉన్నప్పుడు రెండు చెంచాలు తీసి బేకింగ్ కాగితం మీద గరిటెతో వీలైనంత పలచగా పూయండి. ఒకటి రెండు రోజుల్లో అప్పడంలా ఎండుతుంది. విరిచి, తడి లేని సీసాలో వేసి అలమరాలో పెట్టండి, ఫ్రిజ్ అక్కర్లేదు. నెలల తరబడి ఉంటుంది. తిరిగొచ్చాక 10 గ్రాముల రేకులు 20 గ్రాముల గోరువెచ్చటి నీళ్లలో గంట నానబెట్టి, 20 గ్రాముల రై పిండి కలపండి. మర్నాటికి చిన్న బుడగలు కనపడతాయి. రెండు మూడుసార్లు కొత్త పిండి వేశాక, సీసాలో మళ్లీ రెట్టింపు పొంగిన రోజు బ్రెడ్ మొదలుపెట్టండి.